పిట్ట మేడం చేతికి తెలిసిన సంగతి

పిట్ట మేడం రాకెట్ పట్టుకుంటే అవతలివాళ్ళకి ముందే దాహం వేసేదని చెప్పుకునేవారు. అంత పరుగెత్తించేది మరి. మనిషిని చూస్తే చెంచాడంత. చిన్నప్పుడు బడిసంచీ తగిలించుకుంటే వెనకనుంచి సంచీయే కాళ్ళు మొలిచి నడుస్తున్నట్టుండేది. కోర్టులో దిగిందంటే మాత్రం నాలుగు మూలలా నలుగురున్నట్టే. షటిల్ నేలమీద పడాలంటే ఆ పిల్ల అనుమతి తీసుకుని పడాలి. అందుకే తొమ్మిదో ఏట పిట్ట అని పిలవడం మొదలెట్టారు. తర్వాత ఎన్ని డిగ్రీలు వచ్చినా ఆ పేరు మాత్రం వదల్లేదు. యూనివర్సిటీలో ఆవిడ గది తలుపుకి అసలు పేరుతో ఇత్తడి పలక ఉంది. దాన్ని తుడిచే మనిషి తప్ప ఇంకెవరూ చదవరు. విద్యార్థులకి కూడా ఆవిడ పిట్ట మేడమే.

వాళ్ళ నాన్న ఇండోర్ హాల్లో ఎలక్ట్రీషియన్. కప్పుకి వేలాడే పెద్ద లైట్లు మాడిపోతే నిచ్చెనెక్కి మార్చడం ఆయన పని. కూతుర్ని ఇంట్లో వదిలేస్తే ప్లగ్గుల్లో వేళ్ళు పెడుతుందని వెంట తెచ్చుకునేవాడు. నిచ్చెన కింద కూర్చోబెడితే కూర్చుంటుందా? పెద్దవాళ్ళు పారేసిన షటిళ్ళు ఏరుకుని గోడకేసి బాదేది. పదహారు ఈకలుండాల్సిన షటిల్‌కి ఐదే మిగిలితే అది తాగినవాడిలా ఎటుపడితే అటు పోతుంది. అలాంటివాటితో చెయ్యి తిప్పిన పిల్లకి మంచి షటిల్ ఇస్తే ఆడకేం చేస్తుంది?

ఆ హాల్లోనే పొడుగక్క పరిచయమైంది. వయసులో రెండేళ్ళు పెద్దది, ఎత్తులో చెప్పక్కర్లేదు. లైటు మార్చాలంటే పిట్ట వాళ్ళ నాన్నకి నిచ్చెన కావాలి, పొడుగక్కకి ముక్కాలిపీట చాలు. చేతికి చెమట పట్టకుండా రాకెట్ పిడికి గుడ్డపట్టీ ఎలా చుట్టాలో పిట్టకి ఆమే నేర్పింది. తన సీసాలో నీళ్ళు సగం ఇచ్చేది. పిట్ట ఓడిపోయి మూల కూర్చుని ఏడుస్తుంటే పక్కన కూర్చుని, "ఏడిస్తే ఏడు, ముక్కు మాత్రం నా తువ్వాలుకి తుడవకు," అనేది.

హాల్లో కోచ్ గారిది ఒకటే మాట. ఆటకన్నా ముందు అది నేర్పేవాడు. "వాళ్ళు కొట్టిన షటిల్ మీ రాకెట్‌కి రాసుకుని గీత బయట పడిందనుకో. తగల్లేదనుకుంటే పాయింట్ మీది, తగిలిందంటే వాళ్ళది. అంపైర్‌కి కనపడకపోవచ్చు. నాకూ కనపడకపోవచ్చు. మీ చేతికి తెలుస్తుంది. తెలిస్తే చెప్పేయాలి, అంతే." ఆ హాల్లో అంపైర్లు కూడా అలవాటుపడిపోయారు. అనుమానమొస్తే ఆటగాళ్ళ మొహం చూసేవారు. వాళ్ళేమంటే అదే తీర్పు.

ఇదంతా ఎందుకంటే, పిట్ట మేడం బతుకంతా ఒక్క ఈక తగలడం మీద నిలబడింది. తగిలింది కూడా ఎంతసేపనీ? రెప్ప కొట్టేంత సేపైనా కాదు.

పిట్ట బడి చదువు అయ్యేసరికి కాలేజీ జట్టులో ఒక్క చోటు మిగిలింది. చివరి ఆట పిట్టకీ పొడుగక్కకీ పడింది. గెలిచినవాళ్ళకి జట్టూ, జట్టుతో పాటు కాలేజీ సీటూ, హాస్టలూ. ఓడినవాళ్ళకి చేతికి చేయి కలిపి ఇంటికి పోవడం. చెరో గేమూ గెలిచారు. మూడోదానిలో ఇరవై - పంతొమ్మిది, పొడుగక్క ముందుంది. ఇంకొక్క పాయింట్ వస్తే అయిపోయినట్టే. పొడుగక్క గాల్లోకి లేచి ఒక స్మాష్ కొట్టింది. ఆ దెబ్బకి హాలు కిటికీలు అదిరాయని ఇప్పటికీ చెబుతారు గానీ, కిటికీలు అంతకుముందే వదులుగా ఉన్నాయి. పిట్ట రాకెట్ అడ్డం పెట్టబోయి, బయటికి పోతుందని తోచి, చటుక్కున వెనక్కి లాక్కుంది. షటిల్ వెనక గీత దాటి జానెడు దూరంలో పడింది. గీత దగ్గర కూర్చున్నాయన రెండు చేతులూ చాచాడు. బయట.

కానీ లాక్కుంటున్నప్పుడే తగిలింది. రాకెట్ అంచుకి ఒక్క ఈక రాసుకుంది. చప్పుడేం రాలేదు. చప్పుడే వచ్చుంటే ఆ పిల్ల బతికిపోయేది, అందరూ వినేవారు. రాకెట్ కాడలోంచి అరచేతికి, అరచేతిలోంచి మోచేతికి చీమ పాకినట్టు చిన్న జిల. అంతే. లోకంలో అది ఆ ఒక్క చేతికే తెలుసు.

అంపైర్ పిట్ట వైపు చూశాడు. పొడుగక్క వల అవతలనుంచి ముఖం తుడుచుకుంటూ అడిగింది.

"పిట్టా, తగిలిందా?"

పిట్ట తల అడ్డంగా ఊపింది.

"సరే," అంది పొడుగక్క. ఇంకో మాట అడగలేదు. కొత్త షటిల్ తీసి పిట్ట వైపు విసిరింది.

పైన మెట్లమీద కూర్చున్న పొడుగక్క చెల్లెలు మాత్రం లేచి నిలబడి గోల గోల చేసింది. "తొండి! తొండాట! షటిల్ మెలి తిరిగింది, నేను చూశా! తగలకపోతే ఎందుకు తిరుగుతుంది?"

"నోర్మూసుకుని కూర్చోవే! అది లేదంటే లేదు," అని కసిరింది పొడుగక్క.

పిట్ట ఆ తర్వాత వరసగా రెండు పాయింట్లు తీసింది. ఎలా తీసిందో ఆవిడకే గుర్తులేదు. వాళ్ళ నాన్న నిచ్చెన మీదనుంచి దిగొచ్చి కూతుర్ని ఎత్తుకుని హాలంతా తిప్పాడు. పిట్ట మాత్రం కుడి అరచెయ్యి చొక్కాకి తుడుచుకుంటూనే ఉంది.

తర్వాత కథ వీధిలో అందరికీ కంఠతా వచ్చు. నాలుగేళ్ళు జట్టులో ఆడింది. ఊళ్ళు తిరిగింది. ఒక పెద్ద పోటీలో చివరి ఎనిమిది మంది దాకా వెళ్ళింది. చూసొచ్చినవాళ్ళు చివరి ఇద్దరి దాకా అని చెప్పారు, చూడనివాళ్ళు కప్పే తెచ్చిందన్నారు. ఐదో ఏడు మోకాలు 'టప్' మంది. డాక్టర్ ఫిల్మ్ వెలుగుకి పట్టి చూసి, "ఇంక చదువుకో తల్లీ," అన్నాడు. చదివింది. ఆటలో ఎంత పరుగెత్తిందో పుస్తకాల్లోనూ అంతే పరుగెత్తింది. ఉద్యోగం వచ్చింది, పెళ్ళయింది, ఆటల సైన్సులో పరిశోధనకి చేరింది. ఆ మెట్లన్నీ ఎక్కింది ఆ సీటు మీదే. ఒక్కో మెట్టు ఎక్కినప్పుడల్లా అరచేతిలో అదే చీమ పాకేది.

పొడుగక్కకి మరుసటేడు వయసు దాటిపోయింది. జట్టుకి పనికిరాలేదు. ఏడ్చిందో లేదో ఎవరూ చూడలేదు, అంత ఎత్తున ఉన్న మొహం ఎవరికి కనబడుతుంది? బజారు చివర ఒక గది తీసుకుని, ఒక పక్క తను గట్టింగ్ మిషను పెట్టింది. రాకెట్‌లో తెగిపోయిన తీగలు లాగి మళ్ళీ బిగించే పని. రెండో పక్క చెల్లెలు కుట్టు మిషను పెట్టింది. అక్క రాకెట్లు బాగుచేసేది, చెల్లెలు ఆటగాళ్ళకి బట్టలు కుట్టేది. రోజంతా ఇద్దరూ వాదించుకునేవారు, పోట్లాడుకునేవారు, ఒకే గిన్నెలో తినేవారు. ఆ షాపు ముందు నిలబడితే రేడియో అక్కర్లేదు.

పిట్ట మేడం ఇంకెక్కడా గట్టింగ్ వేయించలేదు. తీగ తెగకపోయినా తెచ్చేది. యూనివర్సిటీ రాకెట్లన్నీ అక్కడికే పంపేది. షాపులో ముక్కాలిపీట మీద కూర్చునేది. ఇవాళ చెప్పేయాలి అనుకుని వచ్చేది. నోరు తెరిచేది. ఆవలింత వచ్చేది.

"నిద్ర చాలటం లేదా ఏంటే?" అనేది పొడుగక్క తీగ బిగిస్తూ. "మీ ఆయన గురకా?"

"అదేం లేదక్కా."

"మరి అలా ఉన్నావే? పరీక్ష తప్పినదానిలా?"

కుట్టు మిషను వెనకనుంచి చెల్లెలు గొంతు వచ్చేది. "తొండి పిట్టలకి నిద్ర ఎలా పడుతుంది?"

"నువ్వు కుట్టు సరిగ్గా చూసుకో," అనేది పొడుగక్క. పిట్ట మేడం రాకెట్ తీసుకుని లేచిపోయేది. ఎన్నిసార్లు లేచిపోయిందో లెక్క చెప్పాలంటే ఆ ముక్కాలిపీటనే అడగాలి.

పరిశోధనకి ఏ అంశం తీసుకుంటావని గైడ్ అడిగినప్పుడు ఆవిడ నోట తన్నుకొచ్చింది ఒకటే. ఈక తగిలితే ఆటగాడి చేతికి తెలుస్తుందా, తెలీదా? గైడ్ కళ్ళజోడు తీసి, "బాగుందే! ఎవరూ చేయలేదు," అన్నాడు. ఎవరు చేస్తారు? ఆ జబ్బు ఆవిడకొక్కదానికే ఉంది.

ఒక చిన్న యంత్రం చేయించింది. ఆటగాడు కుర్చీలో రాకెట్ పట్టుకుని కూర్చుంటాడు, కళ్ళకి గంతలు. యంత్రం చివర కట్టిన ఈక రాకెట్ అంచుకి ఒక్కసారి రాసుకుపోతుంది. తెలిస్తే రెండో చేత్తో గంట మీట నొక్కాలి. ముప్పై సార్లు. నలభై మంది ఆటగాళ్ళని కూర్చోబెట్టింది. ముప్పైలో పదిసార్లు వాళ్ళకి తగిలిందనే తెలియలేదు. పిట్ట మేడం ఆ అంకెలు చూసి కుర్చీలోనే కూలబడింది. తెలియకపోవచ్చు! మనిషికి తెలియకపోవచ్చు! ఆ రోజు ఆ చీమ తర్వాత పుట్టుకొచ్చిన ఊహేమో! ఎన్నో ఏళ్ళ తర్వాత ఆ పూట కడుపునిండా తింది.

కానీ ఆ కాగితంలో అన్నిటికన్నా పైన ఇంకో వరస ఉంది. యంత్రం వచ్చిన రోజున అందరికన్నా ముందు తనే కూర్చుంది. ముప్పైకి ముప్పై. నమ్మలేక మళ్ళీ కూర్చుంది. ముప్పై. ఎడంచేత్తో పట్టుకుంది, ముప్పై. మోకాలు నొప్పిగా ఉన్న రోజున, జ్వరంలో కూడా కూర్చుంది. ఆ చేయి దెయ్యంలాంటిది. తగిలితే దానికి తెలియకుండా పోదు.

ఆ వరసని కొట్టేసింది. యంత్రం పనిచేస్తుందో లేదో చూడ్డానికి చేసింది కదా, అది లెక్కలోకి రాదని తనకి తనే చెప్పుకుంది. కొట్టేస్తున్నప్పుడు చేయి వణకలేదు. వణికితే బాగుండేదని తర్వాత చాలాసార్లు అనుకుంది.

థీసిస్ పుస్తకం పసిపిల్లంత బరువుంది. చివరి పేజీలో, తగిలినా తగల్లేదనే ఆటగాళ్ళని అబద్ధాలకోరులనడం అన్యాయమని రాసింది. ఒక పత్రికవాళ్ళు "ఆటగాళ్ళు అబద్ధమాడరు, వాళ్ళకి తెలియదు" అని ఆవిడ బొమ్మతో సహా వేశారు.

పొడుగక్క ఆ కాగితం కత్తిరించి గట్టింగ్ మిషను పైన అతికించింది. చూపుడువేలితో గోడమీద టకటకా కొడుతూ చెల్లెలికి చదివి వినిపించింది. "విన్నావా? సైన్సు చెప్పింది. దానికి తెలీలేదు. తెలిస్తే చెప్పేదే. ఇన్నేళ్ళూ నువ్వు దాన్ని తొండీ తొండీ అని ఆడిపోసుకున్నావ్. ఇప్పుడేమంటావ్?"

"సైన్సు కళ్ళకి గంతలు కట్టుకుంది. నేను కట్టుకోలేదు. నేను చూశా. పిట్ట మొహం కూడా చూశా."

"అంటే నీ పాడు కళ్ళు యూనివర్సిటీకన్నా గొప్పవా?"

"నీకు నాకన్నా ఆ తొండిదే ఎక్కువైపోయిందా?"

మాట పెరిగింది. అక్కాచెల్లెళ్ళ మధ్య మాటంటే కొలత ఉండదు కదా, చిన్నప్పుడు విరిగిన పలక దగ్గర్నుంచి మొన్న పోయిన గొడుగు దాకా అన్నీ బయటికొచ్చాయి. వారం తిరక్కుండా గదికి నడుమ ప్లైవుడ్ చెక్క లేచింది. ఇటు తలుపు అక్కది, అటు తలుపు చెల్లెలిది. పదకొండేళ్ళు ఒకరితో ఒకరు మాట్లాడుకోలేదు. చెల్లెలికి కూతురు పుడితే అక్క చూడ్డానికి వెళ్ళలేదు. పిల్ల ఏడుపు మాత్రం చెక్కలోంచి వినేది.

పిట్ట మేడం షాపుకి వెళ్ళినప్పుడల్లా ఆ చెక్క వైపు చూడకుండా కూర్చునేది. చూడకపోయినా కుట్టు మిషను చప్పుడు వినబడేది. టకటకటకా అని. ఒక రోజు, "అక్కా, చెల్లితో మాట్లాడరాదూ, ఎన్నాళ్ళిలా," అంది నెమ్మదిగా.

పొడుగక్క తీగ వదిలేసి తలెత్తింది. "నిన్ను దొంగన్న నోటితో నాకు మాటలేంటి? ముందు అది నీకు క్షమాపణ చెప్పాలి. అంతదాకా లేదు."

ఆ మాటకి పిట్ట మేడం మొహంలో నెత్తురు చుక్క లేదు. అప్పుడైనా చెప్పాల్సింది. చెప్పలేదు. ఆట పోయినందుకు పొడుగక్క తనని ఒక్క మాట అనలేదు, పైగా తనని నమ్మినందుకు తోడబుట్టినదాన్ని పోగొట్టుకుంది. ఒక పాయింట్ దొంగిలించిన మనిషి ఇప్పుడు ఒక చెల్లెల్ని కూడా దొంగిలించింది. ఇంటికెళ్ళి గిన్నెలు తోమినవే మళ్ళీ తోమింది.

ఇంతలో యూనివర్సిటీవాళ్ళు ఆవిడని ప్రొఫెసర్ చేస్తామన్నారు. చేసేముందు ఊళ్ళోవాళ్ళందరినీ పిలిచి ఉపన్యాసం ఇప్పించడం అక్కడి అలవాటు. ఆ రోజు పొద్దున ఆవిడ ఇంట్లో కాలుకాలిన పిల్లిలా తిరుగుతుంటే, మందుల షాపు నడిపే ఆవిడ భర్త పేపరు మీదనుంచి చూశాడు.

"ప్రమోషనా, విరేచనాలా? పదోసారి లోపలికి వెళ్తున్నావ్. మాత్ర ఇవ్వనా?"

"ఏవండీ, నేనొక తప్పు చేశాను."

"నా నీలం చొక్కా ఇస్త్రీలో కాల్చేశావా?"

"చొక్కా కాదండీ."

"అయితే ఫర్వాలేదు," అని ఆయన పేజీ తిప్పేశాడు. మంచి మనిషే. కాకపోతే, మాత్ర లేని జబ్బంటే ఆయనకి నమ్మకం లేదు.

హాలు నిండింది. ముందు వరసలో పొడుగక్క కూర్చుంది, ఇస్త్రీ మడతలు కూడా చెరగని బట్టల్లో. ఆమె వెనక కూర్చున్న నలుగురు పక్క కుర్చీలు వెతుక్కున్నారు. పిట్ట మేడమే పిలిచింది. పిలవకుండా ఎలా ఉంటుంది?

ఉపన్యాసం బాగానే నడిచింది. చివర యంత్రం చూపించాలి. దానికని ఒక కుర్రాణ్ణి ముందే సిద్ధం చేశారు, వాడు పొద్దున్నే ఆటలో చేయి బెణికించుకుని పట్టీతో వచ్చాడు. యంత్రం దగ్గర నిలబడ్డ అమ్మాయి ఉత్సాహంగా, "మేడం, మీరే కూర్చోండి!" అంది. అందరూ చప్పట్లు కొట్టారు. డిపార్ట్‌మెంట్ హెడ్ గారు నవ్వుతూ కుర్చీ లాగాడు. "రండమ్మా, ఇదేమైనా ఉరికంబమా!"

కళ్ళకి గంతలు కట్టారు. చేతిలో రాకెట్, రెండో చేతి కింద మీట. ల్యాబులో అయితే చెవులకి హెడ్‌ఫోన్లు కూడా పెట్టేవారు. ఇవాళ అవి తేలేదు. హాల్లోవాళ్ళు నిశ్శబ్దంగా ఉంటే చాలన్నారు.

ఏం చేయాలో ఆవిడకి తెలుసు. ముప్పైలో పది వదిలేస్తే సరి. థీసిస్‌కి సరిపోతుంది, ఎవరికీ అనుమానం రాదు. ఈక తగిలింది. చీమ పాకింది. నొక్కలేదు. ఇంకోటి. నొక్కలేదు. మూడోదీ అంతే. ఎప్పుడో ఒక్కసారి ఊపిన తల ఇప్పుడు మళ్ళీ మళ్ళీ ఊపుతున్నట్టుంది. నాలుగోది తగిలింది. నొక్కలేదు.

అప్పుడు ముందు వరసలోంచి పొడుగక్క గొంతు వినిపించింది. గుసగుస అనుకుంది పాపం. ఆమె గుసగుస నాలుగు వీధులు వింటాయి. పక్కనున్నావిడతో అంటోంది. "చూశావా? తగిలిందని దానికి తెలీటంలేదు. నేను మొదట్నుంచీ మొత్తుకుంటున్నదదే. పాపం, తెలీలేదు."

ఆ గొంతులో ఎంత సంతోషమనుకున్నారు! బిడ్డ పాసైనట్టు. పిట్ట మేడంకి గంతల కింద కళ్ళు మండాయి.

ఐదోది తగిలింది. మీట నొక్కింది. గంట మోగింది. ఆరోది, మోగింది. ఏడోది, ఎనిమిదోది. ఆ అమ్మాయి మధ్యలో ఈకని తగలకుండా ఊరికే ఊపి చూసింది, గంట మోగలేదు. తగిలించింది, మోగింది. ఒక్కటి తప్పలేదు. హాల్లో ముందు నవ్వులు, తర్వాత ఈలలు, చివరికి కప్పు ఎగిరిపోయేలా చప్పట్లు. హెడ్ గారు మైకు లాక్కుని, "ముప్పైకి ఇరవయ్యారు! ఇదండీ మన మేడం చేయంటే!" అన్నాడు.

పిట్ట మేడం గంతలు తీసింది. అందరూ చప్పట్లు కొడుతున్నారు, పొడుగక్క తప్ప. ఆమె చేతులు ఒళ్ళో ఉన్నాయి.

"మొదటి నాలుగూ కూడా తెలిశాయి," అంది పిట్ట మేడం హెడ్ గారి చేతిలోని మైకులో. "కావాలనే నొక్కలేదు."

జనం నవ్వారు, హాస్యమనుకుని.

"నా థీసిస్‌లో మొదటి వరస నాది. ముప్పైకి ముప్పై వచ్చింది. అయిదుసార్లు చేశాను, అయిదుసార్లూ అంతే. ఆ వరస నేను కొట్టేశాను."

ఈసారి ఎవరూ నవ్వలేదు. హెడ్ గారి నవ్వు మొహం మీదే ఎండిపోయింది. ఆయన మైకు చేతికింద దాచి, "టీ ఉంది, అందరూ టీకి రండి, చల్లారిపోతుంది," అని అరిచాడు. ఆ టీ ఇంకా పొయ్యిమీదే ఉందని తర్వాత తెలిసింది.

వరండాలో మంచినీళ్ళ కుళాయి దగ్గర పొడుగక్క నిలబడి ఉంది. పిట్ట మేడం వెళ్ళి ఎదురుగా నిలబడింది. ఇద్దరి మధ్యా వల లేదు, అంతే తేడా.

"ఆ రోజు?" అంది పొడుగక్క.

"తెలిసిందక్కా."

"ఎప్పుడు తెలిసింది?"

"తగలగానే."

"నేను అడిగాను కదా. తగిలిందా అని."

"అడిగావు."

"తల ఊపావు."

"ఊపాను."

పొడుగక్క కుళాయి తిప్పి మొహం కడుక్కుంది. చాలాసేపు కడుక్కుంది. "ఆట పోతే పోయింది," అంది చివరికి. "జట్టులోకి వెళ్తే మాత్రం నేనేం ఏలేదాన్ని? అది నేనెప్పుడో మర్చిపోయా. నా చెల్లెలు నిజం చెప్పిందే. నిజం చెప్పినందుకు దాని నోరు మూయించానే. దాని కూతురికి పదేళ్ళొచ్చాయి, ఆ పిల్ల మొహం నేను సరిగ్గా చూడలేదే." కుళాయి కట్టేసి పిట్ట మేడం వైపు తిరిగింది. "నీకు అది తెలుసు. నా షాపులో నా పక్కన కూర్చుని చూశావు. చూస్తూ గట్టింగ్ వేయించుకున్నావు."

"అక్కా..."

"ఆ మాట అనకు. పద. దానికి నువ్వే చెప్పు."

బజారు చివరి దాకా ఇద్దరూ నడిచారు. పొడుగక్క ఒక అంగకి పిట్ట మేడం మూడు వేయాల్సొచ్చింది. మోకాలు సలుపుతున్నా ఆగమనలేదు. అటు తలుపు దగ్గర పొడుగక్క గుమ్మంలోనే నిలబడి పిట్ట మేడం భుజం పట్టుకుని ముందుకు తోసింది.

చెల్లెలు మెడలో టేపు, నోట్లో గుండుసూదులు పెట్టుకుని ఎవరి చొక్కాకో అంచు మడుస్తోంది. తలెత్తి ఇద్దర్నీ చూసి చేయి ఆపేసింది.

"తగిలింది," అంది పిట్ట మేడం. "ఆ రోజు ఈక తగిలింది. నాకు తెలిసింది. తగల్లేదని అబద్ధం చెప్పాను. తర్వాత థీసిస్‌లోనూ అబద్ధమే రాశాను. నువ్వు చెప్పిందే నిజం."

చెల్లెలు నోట్లోంచి సూదులు ఒక్కొక్కటే తీసి మెత్తకి గుచ్చింది. తిట్టుకి సిద్ధంగా పిట్ట మేడం తల వంచుకుంది. తిట్టినా కొట్టినా కాస్త బరువు దిగుతుందనుకుంది.

చెల్లెలు ఆవిడ వైపు చూడనే లేదు. "ఏవే పొడుగుదానా," అంది అక్కతో. "పరాయిదాని కాగితం నమ్మావు. నీ తోడబుట్టినదాని కళ్ళు నమ్మలేదు. అవునా?"

"నమ్మలేదు," అంది పొడుగక్క.

"నొప్పులు పడుతుంటే చెక్క అవతల నువ్వు తీగ బిగిస్తున్నావు. నాకు వినబడింది!"

"నాకూ వినబడిందే నీ ఏడుపు! నేనూ అవతల ఏడ్చా!"

"ఏడిస్తే రావొచ్చుగా!"

"నువ్వు పిలవొచ్చుగా!"

అక్కణ్ణించి ఇద్దరి గొంతులూ ఒకేసారి లేచాయి. పలకా వచ్చింది, గొడుగూ వచ్చింది, పదకొండేళ్ళలో దాచిపెట్టుకున్నవన్నీ వచ్చాయి. బజారులో వెళ్ళేవాళ్ళు ఆగి నిలబడ్డారు. పిట్ట మేడం ఆ అరుపుల మధ్య ఎవరికీ అక్కర్లేని సామానులా నిలబడింది. తను చేసిన తప్పు గురించి అక్కడ ఒక్కరు కూడా మాట్లాడటం లేదు. ఇన్నేళ్ళు తన గుండెల మీద కూర్చున్నది వాళ్ళ ముందు అంత చిన్నదైపోయింది. చిన్నదైనా తేలికవలేదు.

కాసేపటికి పొడుగక్క ఊపిరి తీసుకోవడానికి ఆగి, ఇంకా ఇక్కడే ఉన్నావా అన్నట్టు చూసింది. "నువ్వింక వెళ్ళు."

"అక్కా, ల్యాబు రాకెట్లు నీ దగ్గర ఎనిమిదున్నాయి. గురువారం వచ్చి..."

"ఎవరినైనా పంపు. నువ్వు రాకు. నీ రాకెట్‌కి వేరే చోట వేయించుకో."

పిట్ట మేడం తలూపింది. ఈసారి నిలువుగా.

మర్నాడు ఆఫీసు తలుపులు తీయకముందే యూనివర్సిటీ పరీక్షల విభాగం ముందు నిలబడింది. థీసిస్ వెనక్కి తీసుకోవాలంటే ఒక ఫారం ఉంటుంది. ఏళ్ళ తరబడి ఎవరూ అడక్కపోవడంతో గుమస్తా దాన్ని వెతకడానికి బీరువా అంతా బోర్లించాడు. ఆయనకి మేడం అంటే గౌరవం. మోకాలి నొప్పికి మంచి వ్యాయామం చెప్పిందావిడే.

"ఇక్కడ కారణం రాయాలి మేడం," అన్నాడు ఆయన ఫారం తిప్పి చూపిస్తూ. "ఎక్కువ ఆలోచించకండి. పొరపాటు అని రాసేయండి. పొరపాటైతే మందలిస్తారు, పోతుంది. నిన్న జరిగింది విన్నాన్లెండి. మనసు బాగోలేక ఏదో అన్నారంటున్నారు. హెడ్ గారు కూడా అదే అన్నారు. పొరపాటని రాస్తే ఆయనా సంతకం పెట్టేస్తారు."

కలం పట్టుకున్న చేయి ఎడంపక్కనుంచి నెమ్మదిగా కదిలింది. "పొరపాటు కాదు. తెలిసి, కావాలని చేశాను," అని రాసి కింద అసలు పేరు పూర్తిగా రాసింది, ఇత్తడి పలక మీద ఉన్నట్టు.

గుమస్తా చదివాడు. కళ్ళజోడు నుదుటిమీదికి తోసుకుని ఇంకోసారి చదివాడు. వరసగా పెట్టుకున్న ఫైళ్ళ వైపు చూశాడు, ఆవిడ వైపు చూశాడు.

"ఇలా ఎవరూ రాయలేదు మేడం. దీన్ని ఏ ఫైల్లో పెట్టాలో నాకు తెలీదు."

"వెతకండి," అంది పిట్ట మేడం. "నేనుంటాను."

కిటికీ పక్కనున్న బల్ల మీద కూర్చుంది. కుడి అరచెయ్యి ఒళ్ళో వెల్లకిలా పెట్టుకుని, ఆయన ఒక్కో ఫైలూ తీసి దుమ్ము దులపడం చూస్తూ ఉండిపోయింది.